అత్తగారి హంసపాదికి పత్తి మందు

గొడుగులు తయారుచేసేవాళ్ళకు వానంటే ఎందుకంత చిన్నచూపో తెలియదు. నేను కొన్న ప్రతి గొడుగూ మొదటి జల్లుకే చేతులెత్తేసింది. పోనీయండి, గొడుగు పోతే తడుస్తాం, అంతే. ఎనభైల నడుమ చిలకలూరిపేటలో నేను వెలగబెట్టిన ఘనకార్యానికి కాపురమే మునగబోయింది.

అప్పట్లో నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ణి. మా ఆవిడ శారద, వాళ్ళమ్మగారు పోయాక పొన్నూరు నుంచి అడిగి తెచ్చుకున్నది ఒక్కటే: ఆవిడ పెంచిన హంసపాది. ఫెర్న్ జాతి. వెంట్రుకంత నల్లటి కాడలు, ఊపిరి తగిలినా వణికే ఆకులు. బావి పక్క నీడలో కుండీ పెట్టి, శారద దాన్ని బాలింతను చూసినట్టు చూసుకునేది.

ఒకరోజు ఆకు తిప్పి చూద్దును కదా, అంచుల వెంట గోధుమరంగు పూసలు. గోడవతల ఉండే పత్తి రైతు సాంబయ్య బాబాయిని పిలిచాను.

"గుడ్లురా అబ్బాయ్. ఇయ్యాల కొట్టకపోతే రేపు కాడ కూడా మిగలదు."

"ఇంత లేత మొక్క, మందుకి తట్టుకుంటుందా బాబాయ్?"

"పత్తి తట్టుకోట్లా?"

పత్తి మీద తెల్లదోమ పడి ఊళ్ళను వణికిస్తున్న రోజులు. ఆకు వెనక చుక్క కనిపిస్తే ఎవరైనా ముందు పంపు భుజానికెత్తుకుని, తర్వాత ఆలోచించేవారు. మేమూ అదే చేశాం. శారద బజారు నుంచి వచ్చేసరికి పెరడంతా మందు కంపు.

"ఏం చేశారండీ?"

"పురుగు గుడ్లు పెట్టింది. చంపేశాను."

ఆవిడ ఆకు తిప్పి చూసింది. "ఇవి దాని విత్తనాల్లాంటివి. మా అమ్మ చెప్పింది. మీ పాఠంలో లేదా?"

ఉంది. ఆ బొమ్మను మూడేళ్ళుగా నల్లబల్ల మీద వేస్తున్నాను. ప్రాణమున్నదాన్ని చూడటం అదే మొదలు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది చదువు చెప్పడంలో పోయింది.

వారం తిరక్కుండా ఆకులన్నీ రాలాయి. శారద వాటిని ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. తిట్టినా బాగుండేది. మూడు నెలలపాటు రోజూ పొద్దున్నే ఆ బోసి మట్టికి నీళ్ళు పోసి, అటూ ఇటూ చూసి, "తప్పైపోయిందమ్మా, లేచి రా" అని గొణిగేవాణ్ణి. కాలేజీలో తెలిసుంటే నా పాఠానికి పిల్లలు ఇంకాస్త శ్రద్ధగా వచ్చేవారు.

తొలకరి పడ్డాక ఒక ఉదయం శారద నన్ను చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి లాక్కెళ్ళింది. మట్టిలోంచి గుప్పిట ముడుచుకుని మూడు చిగుళ్ళు.

"ఏటా ఎండలకి ఆకు రాల్చి వానలకి లేస్తుందండీ ఇది. ఈసారి మీ మందుకి వేరు కూడా పోయిందేమోనని..."

నేను కుండీ మీద చెయ్యి వేసి, బొందిలో ప్రాణముండగా ఏ ఆకునూ వెనక్కి తిప్పి చూడనని గంభీరంగా ప్రమాణం చేశాను.

"తప్పైపోయిందని దానికి మూడు నెలలు చెప్పుకున్నారు," అంది శారద. "నాకింతవరకు చెప్పలేదు."