పొయ్యి బూడిద

మూసీ ఒడ్డున మా ఊళ్లో ఆ రోజుల్లో ఇంటింటా మగ్గం ఉండేది. మేం నేసిన నూనె రుమాళ్లు అరబ్బు దేశాల దాకా పోయేవి. వాటి ఎర్రరంగు నిలవాలంటే ఆముదపు కాయల పొట్టు కాల్చి, ఆ బూడిద నానబెట్టిన నీళ్ల తేటలో నూనె కలిపి, నూలును రోజుల తరబడి నానబెట్టాలి.

నేను కాపురానికి వచ్చిన ఏడే ఆ బూడిద తక్కువైంది. కొనడం దేనికని పొయ్యిలోని కట్టెల బూడిద కలిపాను. ఎవరికీ చెప్పలేదు.

మామ తేటలో నూనె పోశాడు. పాలలా తెల్లబడాల్సింది, విడిగా తేలింది. అత్త ఒక చుక్క నాలుక మీద వేసుకుంది.

"గిదేంది, చప్పగున్నది?"

"జర ఆగు, కలుస్తది," అంటూ మామ చిలపలు, అదే నూలు చుట్టలు, అందుకున్నాడు. అవి ముంచితే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది, ఇంటిల్లిపాది కష్టం బూడిదపాలే. అప్పటిదాకా మామ ఎదుట నేను నోరు విప్పి ఎరగను.

"ముంచకు మామా. పొయ్యిల బూడిద కలిపిన."

మామ చేయి ఆగిపోయింది. అత్త నా చేతిలో తట్ట పెట్టింది. "ఇంటింటికి పోయి ఆముదపు బూడిద అడుగు. ఎందుకో నువ్వే చెప్పు."

గడప గడపకూ చెప్పాను. చివరి ఇంటి ముసలామె తట్ట నింపుతూ, "నేనూ గిట్లనే చేసిన బిడ్డా. నోరు మూసుకున్న. ఆ ఏడు మా రుమాళ్లన్నీ పోరగాండ్లకు పక్కబట్టలైనయి," అంది.

మర్నాడు కొత్త తేటలో నూనె తెల్లబడేదాకా మామ నా వైపు చూడలేదు. తెల్లబడ్డాక, "ఇగ చిలపలు అందియ్యి," అన్నాడు.