అల్జీరియా యుద్ధానికి ముత్తియాల్‌పేటలో ఎదురుగాలి

ముత్తియాల్‌పేటలో చీరల కొట్టు ఆదికేశవులుకు అరవై దాటాక ఒకప్పుడు ఆ ఊరినేలిన ఫ్రెంచివాళ్ల భాష నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. కొట్టు కొడుకు చూసుకుంటున్నాడు, సాయంత్రాలు గడవడం లేదు, ఫ్రెంచి తరగతిలో చేరాడు. అక్కడ మన తెలుగు పిల్లే, మోనిక, టీచరు. తరగతి వార్షికోత్సవానికి ఆమె ఓ ఫ్రెంచి నాటకం రాసింది. అల్జీరియా మీద ఫ్రాన్సు యుద్ధం చేస్తుంటే ఫ్రాన్సు జనమే వద్దని తిరగబడిన కథ. ఆదికేశవులు పొట్ట, గొంతు చూసి, యుద్ధం కావాలనే మంత్రి వేషం ఆయనకిచ్చింది.

రోజూ ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉపన్యసించేవాడు. ములక్కాడలు తరుగుతున్న భార్య తాయారమ్మ ఒకనాడు అర్థమడిగింది.

"అల్జీరియా మనది, వదలకూడదు, ఇంకా సిపాయిల్ని పంపాల అంటా ఉండా."

"యాడుంది అది?"

"సముద్రానికి ఆ పక్క."

"ఆడుండే వాళ్లని అడిగితివా?"

"మంత్రి అడగడే!"

"పక్క కొట్టు చెల్లప్పన్ వచ్చి మన కొట్లో కూచుని, ఇది నాదంటే ఊరకుంటావా? పావం, సచ్చేది ఎవరి బిడ్డలో. నువ్వు ఈడ మీసం దువ్వుకుంటా ఉండు."

ఆదికేశవులు నవ్వేశాడు గానీ, ఆనాటి నుంచి ఉపన్యాసం గాడి తప్పింది. రంగు పోయే చీరను పోదని చెప్పాల్సి వస్తే చాలు, చెవులు ఎర్రబడే మనిషాయన. ఇప్పుడూ అదే వరస.

నాటకం రోజు తాయారమ్మ ముందు వరుసలో కూర్చుంది. ప్రతిపక్ష నాయకుడి వేషం అదే తరగతిలో చదివే నెల్లితోపు బ్యాంకు ఉద్యోగి గురుది. "ఎవరి బిడ్డల్ని పంపుతారు?" అని అతను ఫ్రెంచిలో గద్దించాడు. ఆదికేశవులు భార్యకేసి చూశాడు. ఆమె కళ్లార్పలేదు. ఆయన వచ్చిన ఫ్రెంచినంతా కూడగట్టి, "మీరు చెప్పిందే నిజం. సైన్యాన్ని వెనక్కి పిలిపిస్తున్నాను," అని కూర్చున్నాడు.

గురు బిక్కచచ్చిపోయాడు. బట్టీ పట్టిన పెద్ద ఉపన్యాసం ఇంకా నోట్లోనే ఉంది. వంగి తెలుగులో గొణిగాడు.

"మామా, నేనిప్పుడు దేన్ని ఎదిరించాల?"

"నువ్వు చెప్పు నాయనా, నేను వింటా."

యుద్ధం ఎందుకు తప్పో గురు పూసగుచ్చినట్టు చెప్పాడు. మంత్రి ప్రతి మాటకూ తల ఊపాడు. హాలు పడీపడీ నవ్వింది. తెర వెనుక మోనిక నెత్తి పట్టుకుంది.

నాటకం అయ్యాక నిలదీసింది. "ఏంది అంకుల్, యుద్ధాన్ని మొదట్లోనే ముగిస్తిరి?"

"ఆ సరుకు అమ్మలేకపోతిని తల్లీ," అన్నాడాయన, నిజంగానే సిగ్గుపడుతూ.

మోనికకు కోపంలోనే నవ్వొచ్చింది. "వచ్చే ఏడు మీకు మాటల్లేని వేషమే."

"అదే మేలు," అని తాయారమ్మ చెప్పులు వెతుక్కుంది.