ధర్మవరంలో అమ్మబోయిన లెన్స్

కెమెరా కొన్నప్పుడు డబ్బాలో దానితోపాటు ఒక లెన్స్ కూడా వస్తుంది. దాన్ని కిట్ లెన్స్ అంటారు. కూరగాయల మీద కొసరుగా వేసే కరివేపాకుకు ఉండే మర్యాద కూడా దానికి లేదని నాకు తెలియజెప్పింది మా వాట్సాప్ ఫోటోగ్రాఫర్ల గ్రూపు. నేను చేరిన మూడో రోజే అందులో ఒక పెద్దమనిషి, "ఫోటో బాగుంది మేడం. ముందు ఆ డబ్బా లెన్స్ అమ్మేయండి" అని రాశాడు. మొదటి వాక్యం మరిచిపోయి రెండో వాక్యానికి నిద్ర మానుకోవడం నా స్వభావం. నెల తిరిగేలోపు జూమ్ లేని యాభై మిల్లీమీటర్ల లెన్స్ ఒకటి కొన్నాను. దాంతో మనిషి ముఖం తీస్తే వెనకున్న గోడ, గోడ మీది క్యాలెండర్ అన్నీ మీగడలాగా కరిగిపోతాయి. అప్పటి నుంచి కిట్ లెన్స్ బీరువాలో మా ఆయన పెళ్లి సూటు పక్కన ఉంటోంది.

"ఉండేది ఒక కెమెరా. దానికి రెండు మూతులెందుకు? అమ్మేయ్" అన్నాడు మా ఆయన. సూటు సంగతి నేను ఎత్తలేదు.

అమ్మకానికి ఫోన్లో ప్రకటన పెట్టిన రెండో రోజు ధర్మవరం నుంచి నాగవేణి అనే అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్లది పట్టుచీరలు నేసే ఇల్లు. నేసిన చీరలను ఫోన్లో ఫోటో తీసి పంపి అమ్ముకుంటారు. ఈమధ్య ఉల్లిపొర రంగు చీర ఒకటి ఫోన్ ఫోటోలో గులాబీగా కనబడిందట. కొన్నవాళ్లు గులాబీ చీర ఏదని వెనక్కి పంపారు. ఇప్పుడు బెంగళూరు పెళ్లివాళ్లు మూడు చీరలకు మంచి ఫోటోలు అడిగారు. శనివారం సాయంత్రం నాలుగింటికల్లా పంపకపోతే కంచికి పోతామన్నారు. స్టూడియో మూసేసిన స్నేహితుడెవరో వాళ్లాయనకు కెమెరా ఇచ్చాడు కానీ దానికి లెన్స్ లేదు.

"మీ మౌంట్ చెప్పండి" అన్నాను అనుభవం ఉన్నదానిలా. లెన్స్‌ను కెమెరాకు బిగించే చోటును మౌంట్ అంటారు. అది ఒక్కో కంపెనీకి ఒక్కో తీరుగా ఉంటుంది.

"మీదేదో అదేలే అక్కా" అంది నాగవేణి. ఆ ముక్కతో నాకు తృప్తి కలిగింది. నేను హిందూపురంలో భౌతికశాస్త్రం చెప్పే టీచరును. పదో తరగతికి ఏటా కటకాల పాఠం నాదే. నాకు ఇంతకన్నా వివరాలు అక్కర్లేదనుకున్నాను.

రెండో శనివారం ఉదయం ఏడున్నరకు హిందూపురం స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కాను. సంచిలో కెమెరా, రెండు లెన్సులు, నీళ్ల సీసా. దారిలో పెనుకొండలో దిగి కిట్ లెన్స్‌తో నాలుగు వీడ్కోలు ఫోటోలు తీసి, తర్వాత బస్సులో ధర్మవరం వెళ్లాలన్నది పథకం. ఎదురుగా నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఒక అవ్వ కూర్చుంది.

"యాడికి పోతాండావమ్మా?"

"ధర్మవరానికి అవ్వా. లెన్స్ ఒకటి అమ్మాలి."

అవ్వ నల్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి నా రెండు కళ్లలోకీ మార్చి మార్చి చూసింది. "నాకు పోయిన నెల ఏసినారు. ఊరికే ఏసినారులే. నీకు దుడ్లు అడిగినారా?"

అక్కడే సరిదిద్దాల్సింది. కానీ పొద్దున్నే దొరికిన సరదాను వదులుకోబుద్ధి కాలేదు. "ఇది పాతది అవ్వా. కొత్తది తెచ్చుకున్నా, అందుకే అమ్మేస్తాండా" అన్నాను.

"తీసేటప్పుడు నొప్పి కాలేదా?"

"తిప్పితే వచ్చేస్తుంది."

అవ్వ పక్కనున్నామె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇక పాపం చుట్టుకుంటుందని సంచిలోంచి లెన్స్ తీసి చూపించాను. అవ్వ దాన్ని ఆపరేషన్ అయిన కంటికి ఆనించుకుని కిటికీ బయటికి చూసి, తిరగేసి ఇంకోసారి చూసి, నా చేతిలో పెట్టింది. "చూసేదాన్ని అమ్ముకునేదాన్ని నిన్నే చూసినా" అంది. పెట్టె అంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ కొంచెం ఆలస్యంగా నవ్వాను.

పెనుకొండలో దిగేసరికి ఎనిమిదిన్నర. ఆటోలో ఊళ్లోకి వచ్చి ఒక చిన్న హోటల్లో బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. నలభై రూపాయలు. ఈ దారిన వచ్చేవాళ్లు రెండో బజ్జీ అడిగేముందు నీళ్ల సీసా నిండుగా ఉందో లేదో చూసుకోండి.

గగన్ మహల్ ముందు నిలబడి ముందు యాభై లెన్స్ పెట్టాను. కిటికీ ఒకటి అందంగా వచ్చింది. మహల్ రాలేదు. మొత్తం పట్టాలంటే రోడ్డు దాటి అవతలి అంగట్లోకి పోవాలి. వీడ్కోలు ఫోటోలు కదా అని నాకు నేనే చెప్పుకుని కిట్ లెన్స్ బిగించాను. మహల్, దాని వెనక కొండ, కొండ మీది కోటగోడ, ముందున్న మేక, అన్నీ ఒకే ఫోటోలోకి ఒదిగి కూర్చున్నాయి. మేక కదిలేలోపు ఇంకో మూడు తీశాను.

తిరిగి బస్టాండుకు నడుస్తూ రోడ్డు మీదికి బల్లలు పరిచిన టీ కొట్టును ఫోటో తీయబోతే, కొట్టాయన గబగబా ఒక బల్లను లోపలికి లాక్కున్నాడు.

"రోడ్డు సర్వేకు వచ్చినారా మేడం?"

నేను కళ్లు చిన్నవి చేసి రోడ్డు కొలిచినట్టు చూశాను. రెండో బల్ల కూడా లోపలికి పోయింది. టీకి డబ్బులు తీసుకోనన్నాడు. అప్పటికి సిగ్గేసి, టీచరునని చెప్పి బలవంతంగా పది రూపాయలు చేతిలో పెట్టాను. "ముందే చెప్పకూడదామ్మా, నడుం పట్టేసె" అంటూ బల్లలు మళ్లీ బయటికి లాగాడు.

పదిన్నరకు ధర్మవరం బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. కండక్టర్ నా మెడలోని కెమెరా చూసి, "దీనికి ఆధార్ ఉండాదా?" అన్నాడు. ఇది ఆడో మగో ఇంకా తేలలేదన్నాను. దారి పొడుగునా వేరుశనగ చేలు, ఎర్రమట్టి, గాలిమరలు. కిటికీ పక్కన సీటు దొరికినందుకు కిట్ లెన్స్‌తో ఇంకో పది వీడ్కోలు ఫోటోలు తీశాను.

పన్నెండు కాకముందే నాగవేణి వాళ్ల వీధిలో ఉన్నాను. ఏ ఇంటి ముందుకు పోయినా లోపల మగ్గం చప్పుడే. నాగవేణికి ముప్పై ఏళ్లుంటాయి. ఆమె భర్త రామాంజి గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. నన్ను చూసి లేచి, తుండుగుడ్డలో చుట్టి దాచిన కెమెరాను రెండు చేతులతో తెచ్చి ఇచ్చాడు.

దాని మీదున్న పేరు రెండుసార్లు చదివాను. అది వేరే కంపెనీ. నా లెన్స్ దానికి పట్టదు. అయినా సిగ్గు లేకుండా ఒకసారి పెట్టి తిప్పాను. ఇటు తిప్పాను. అటు తిప్పాను.

"కొంచెం నూనె రాస్తే పోతాదేమో మేడం" అన్నాడు రామాంజి.

"నూనెతో కాదప్పా. నేను ఫోన్లో మౌంట్ అడిగాను కదా నాగవేణీ, మీదేదో అదే అన్నావే."

నాగవేణి ముఖం వాడిపోయింది. "నువ్వు అమౌంటు అడిగినావనుకున్యా కదక్కా. నువ్వు ఏదంటే అదే ఇద్దామని చెప్పినా."

తప్పు నాదే. కంపెనీ పేరు ఏమిటని తెలుగులో అడిగి ఉంటే సరిపోయేది. గ్రూపులో నేర్చిన మాట ఒకటి విసిరి, జవాబు సగమే విని వచ్చాను. లోపలి గదిలో మూడు చీరలు మడతపెట్టి ఉన్నాయి. నెలల పని అది. గోడ మీద గడియారం పన్నెండుంపావు చూపిస్తోంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"నా కెమెరాతో నేనే తీసిస్తాను" అన్నాను.

"తీసేదానికి ఎంతవుతాదక్కా?" అంది నాగవేణి. ఈసారి అమౌంటే అడిగింది. అన్నం పెట్టమన్నాను.

మగ్గం గది పొడుగ్గా, ఇరుకుగా ఉంది. చిలకపచ్చ చీరను తాడు మీద ఆరేసినట్టు పరిచారు. కొంగు నుంచి అంచు దాకా కనబడాలన్నారు పెళ్లివాళ్లు. గొప్ప కోసం యాభై లెన్స్ బిగించాను. కొంగులో నెమలి ఒక్కటే వచ్చింది. ఒక అడుగు వెనక్కి వేశాను. రెండు నెమళ్లు. కంటికి కెమెరా ఆనించుకునే ఇంకో రెండడుగులు వేశాను.

"మేడం, ఎనక గుంత ఉండాది" అన్నాడు రామాంజి తాపీగా. అప్పటికే నా ఎడమకాలు మగ్గం గుంతలో ఉంది. పడలేదు కానీ పడినంత పనైంది. నాగవేణి చీరకు అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడింది. ఆమె కంగారు నా కాలు గురించి కాదని స్పష్టంగా తెలిసింది.

కాలు బయటికి తీసుకుని కిట్ లెన్స్ బిగించాను. నిలబడ్డచోటు నుంచి కదలకుండానే చీర మొత్తం వచ్చింది.

రంగు చూసి నాగవేణి తల అడ్డంగా ఊపింది. "ఆ ట్యూబులైటు ఆపు. అది ఉంటే రంగు అబద్ధం చెప్తాది. మేము చీర ఎప్పుడూ గడప కాడనే చూస్తాం." చీరను గడప దగ్గరికి జరిపాం. తీసిన ప్రతి ఫోటోనూ కెమెరా వెనక తెర మీద చూసి, తెరను చీరకు ఆనించి, ఇది కాదు, ఇంగొకటి, అంటూ నాచేత పదకొండుసార్లు తీయించింది. మా హెడ్మాస్టరు కూడా నా పనిని ఇంత పట్టిచూడలేదు.

రెండో చీర త్వరగానే అయింది. మధ్యలో రాగిసంగటి, చెనిక్కాయలతో నూరిన ఊరిబిండి పెట్టారు. మూడోది ఏడిపించింది. డబుల్ షేడ్. నిలువు పోగులు ఒక రంగు, అడ్డం పోగులు ఒక రంగు. ఇటు నుంచి చూస్తే వంగపండు, అటు నుంచి చూస్తే నెమలికంఠం, మనిషి కదిలితే రెండూ. ఫోటో కదలదు కదా. చీరను కాస్త ముడిచి, జూమ్ అటూ ఇటూ తిప్పి, గడప మీద బోర్లా పడుకుని కూడా తీశాను. చివరికి ఒక మడతలో ఒక రంగు, పక్క మడతలో ఇంకో రంగు వచ్చాయి. నాగవేణి తెరను చీర పక్కన పెట్టి చాలాసేపు చూసి, "పంపిద్దాం" అంది. బాగుందని మాత్రం అనలేదు. నాలుగు కావడానికి పది నిమిషాలుండగా ఫోటోలు ఫోన్లోకి ఎక్కించి బెంగళూరుకు పంపాం.

అయిదుంపావుకు ధర్మవరం స్టేషన్లో హిందూపురం వైపు బండి ఎక్కాను. మోకాళ్లకు గడప దుమ్ము అలాగే ఉంది. సీటు దొరికాక కెమెరాలో ఆ రోజు తీసినవన్నీ తిరగేశాను. నూట ఇరవై పైనే ఉన్నాయి. వాటిలో యాభై లెన్స్‌వి అయిదు: కిటికీ ఒకటి, నెమళ్లు రెండు, గోడ ఒకటి, ఎవరిదో మోచెయ్యి ఒకటి. అయినా నా మనసు ఇంకా ఒక దారికి రాలేదు. పెళ్లివాళ్లు ఫోటోలు బాగాలేవంటే తప్పు లెన్స్ మీదికి తోసి వేరే ఎవరికైనా అమ్మేయవచ్చు. బాగున్నాయంటే గొప్ప నాది. ఈ లెక్క నాకు చాలా అనుకూలంగా తోచింది.

పెనుకొండలో బండి ఆగి ఉండగా నాగవేణి ఫోన్ చేసింది.

"అక్కా, రెండు చీరలు తీసుకుంటామన్యారు. మూడోదానికి, రంగు నిజంగా ఇట్లే ఉంటాదా అని అడిగినారు."

ఉల్లిపొర చీర గుర్తొచ్చింది. "నువ్వేమన్నావు?"

"ఇట్ల ఉండదు, ఫోటోలో కొంచెం తక్కువ వచ్చిందని చెప్పినా."

"అయ్యో. వద్దన్నారా?"

"ల్యా అక్కా. అదీ కావాలన్యారు."

నాకు పట్టలేని సంతోషం వేసింది. ఫోన్ పెట్టేశాక మెల్లగా కోపం వచ్చింది. గడప మీద బోర్లా పడుకుని తీసిన ఫోటో అది. దాన్ని పట్టుకుని తక్కువ వచ్చిందంటుందా? కెమెరా తెర మీద ఆ చీరను మళ్లీ తెరిచి, పెద్దది చేసి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాను. వంగపండు ఉంది. నెమలికంఠం ఉంది. ఒకదాంట్లోంచి ఒకటి వచ్చేటప్పుడు మధ్యలో ఆ గుడ్డ మీద మెదిలిన రంగు ఒకటి ఉండాలి, నేను గడప మీది నుంచి కళ్లారా చూసినది. అది లేదు. నాగవేణి నిజమే చెప్పింది.

బండి కదిలింది. ఆ కొంచెమూ పట్టుకునేదాకా ఈ లెన్స్ నేను ఎవరికీ అమ్మను.