పొయ్యి లేని ఇంజన్‌కు కొలతలు తీసిన రోజు

మా బావ నర్సయ్య నా మాట నమ్మడం మానేసి చాలా ఏళ్లయింది. తప్పు ఆయనది కాదు. నిజాంసాగర్ పెద్ద కాలువలోకి పొగ ఓడ వచ్చిందని ఒకసారి నేను చెబితే, దాని కూత విందామని చేతికర్ర పట్టుకుని గంటసేపు కాలువ గట్టున నిలబడ్డాడు. చూపు లేని మనిషి. చూపున్న రోజుల్లో రైలింజన్లో బొగ్గు వేసే పని చేసేవాడు. ఒకనాడు పొయ్యి తలుపు తీయగానే మంట ఎదురు తన్ని మొహమంతా కాల్చేసింది. అప్పటి నుంచి బాన్సువాడలో మా అక్క పక్కన కూర్చుని బీడీలు చుడుతున్నాడు. అట్లాంటి మనిషికి నేను పోయి, రుద్రూర్ దగ్గర చెరుకు ట్రాలీలు లాగడానికి కొత్త ఇంజన్ వచ్చింది, దానికి బొగ్గూ వద్దు నీళ్లూ వద్దు, డీజిల్ నూనెతో నడుస్తుంది అని చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "మళ్ల ఓడనా బామ్మర్ది?" అని ఆకు కత్తిరించుకోసాగాడు.

నాకు ఎక్కడో తగిలింది. ఈసారి చెప్పింది నిజం కదా! నేను దర్జీని, నాలుగో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. అయినా చేతిపనికి వెనుకాడను. బస్సులోంచి రెండుసార్లు చూసిన గుర్తుతో టేకు ముక్క చెక్కి ఇంజన్ బొమ్మ చేసి బావ చేతిలో పెట్టాను. ఆయన అటూ ఇటూ తడిమి, "గిది ఇంజనా, సందూక పెట్టెకు చక్రాలు పెట్టినవా? డ్రైవర్ నిలబడ్డడంటే మోకాళ్లు యాడ పెట్టుకుంటడు?" అని పక్కన పెట్టేశాడు. బీడీలు చుట్టే ఆ వేళ్లకు కంటి కంటే ఎక్కువ తెలుసు. అసలు కొలతలు తెస్తే తప్ప ఆ వేళ్లు నమ్మవని ఆ రోజే అర్థమైంది.

ఇక ఆగలేదు. సోమవారం పొద్దున ఎనిమిదికి టేపు మెడలో వేసుకుని, పలకా బలపం సంచిలో పెట్టుకుని బోధన్ బస్సెక్కాను. రుద్రూర్‌కు కిరాయి ఆరణాలు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువైన దగ్గర్నుంచి ఈ బస్సు వెనకాల ఒక బొగ్గు కుంపటి బిగించారు. ఆ గ్యాసుతో నడుస్తుంది. నడుస్తుంది అనడం మర్యాద కోసం. వర్ని దాటాక ఎత్తు రాగానే ఆగిపోయింది. "దిగుండ్రి, జర నూకుండ్రి" అన్నాడు డ్రైవరు. "తోసినోనికి ఆరణాలు వాపసిస్తవా అన్నా?" అని అడిగాను. "గంత గరం ఉంటే కుంపటి మీద కూసో, జల్దీ రాజుకుంటది" అన్నాడు. అందరితో పాటు నేనూ తోశాను. అందుకని వెళ్లేవాళ్లు తెల్ల ధోవతి కట్టుకోకండి. పదిన్నరకు రుద్రూర్ చేరాం. అక్కడి నుంచి చెరుకు నింపే చోటికి రెండు మైళ్లు. ఖాళీ బండి దొరికితే అణాకు ఎక్కించుకుంటారు, లేకపోతే కాలువ గట్టు వెంబడి నడవడమే. నాకు బండి దొరికింది.

పట్టాల పక్కన కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు చేసుకుంటున్న వాళ్ల ఇళ్లు నాలుగున్నాయి. అందులో ఒకావిడ వసారాలో కూలీలకు అన్నం పెడుతుంది. రెండణాలకు కడుపు నిండా అన్నం, గోంగూర పచ్చడి, పల్చటి మజ్జిగ. మా వైపు కారానికి నేను భయపడను కానీ ఆ పచ్చడికి కళ్లు తుడుచుకున్నాను. "ఏమండీ, మెళ్లో టేపు వేసుకొచ్చారు, ఇక్కడ ఎవరికి పెళ్లి?" అందావిడ. "ఆ నూనె ఇంజన్‌కు అక్కా" అన్నాను. "దానికా? వంటింట్లో ఉన్నా చెవులు పగిలిపోతాయి దాని గోలకి. ముందు దాని నోటికి ఏదన్నా కుట్టండి బాబూ" అంది. పన్నెండుకు వస్తుందనీ, డ్రైవర్ భోంచేసి ఒంటిగంటకు కదిలిస్తాడనీ ఆవిడే చెప్పింది.

చెప్పిన వేళకే వచ్చింది. అబ్బ, ఏం చెప్పను! పొగ గొట్టం నుంచి నల్లటి మేఘాలు లేవు, ఆవిరి బుసలు లేవు. పచ్చరంగు పెట్టె, ముందు ఇనుప జాలీ, టకటకటకమని గుండె కొట్టుకున్నట్టు చప్పుడు. వెనకాల పద్దెనిమిది ట్రాలీల చెరుకు. నేను ఉన్న చోటనే చిన్నగా గంతేశాను, నలభై ఏడేళ్లవాణ్ణి.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. యుద్ధం రోజుల్లో తెలియని మనిషి ఇంజన్‌ను కొలుస్తుంటే శత్రువుల గూఢచారి అని కట్టేస్తారు. అందుకని దారిలోనే ఒక అబద్ధం కుట్టి పెట్టుకున్నాను. డ్రైవర్ ఖాదర్ మియా దిగి చేతులు కడుక్కుంటుంటే సలాం కొట్టి, "చక్కెర ఫ్యాక్టరీ పెద్ద సాహెబు పంపిండు భాయ్. వానకాలం వస్తది కదా, ఇంజన్ మీద కప్పనీకి తాటిపత్రి గుడ్డ కుట్టాలె. కొలతలు తీస్త" అన్నాను.

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "సాహెబుకు నా ఇంజన్ మీద గింత ప్రేమ ఎప్పటినుంచి? సరే తీస్కో. షేర్వానీకి జేబులు మరువకు" అని భోజనానికి కూర్చున్నాడు.

పొడవు, వెడల్పు, ఎత్తు, చక్రం, చక్రానికీ చక్రానికీ మధ్య దూరం. టేపు పెట్టడం, అంకె చదవడం, పలక మీద గీయడం. పన్నెండూ ముప్పావుకు పలక నిండిపోయింది. చెమటలు కారుతున్నా ఆనందంతో ఊగిపోతున్నాను. ఖాదర్ మియా మూతి తుడుచుకుంటూ వచ్చి, "పట్టాల నడుమ ఎంతొచ్చింది?" అన్నాడు.

"రెండడుగుల ఇంచున్నర."

"నిన్నటిదాంక రెండడుగులే ఉండె. నిన్ను చూసి సిగ్గుతోని జరిగినయా?"

మళ్లీ కొలిచాను. మళ్లీ అంతే. ఆయన నా చేతిని పట్టుకుని ఆపాడు. అప్పుడు చూసుకున్నాను. టేపు చివర రెండు వేళ్లు ఆనించి, ఆ వేళ్ల అవతల ఉన్న అంకె చదువుతున్నాను! ఇరవై అయిదేళ్లుగా ఛాతీకీ నడుముకూ ఒంటికి వదులుండాలని అట్లాగే తీస్తున్నా కదా, చేతికి అదే అలవాటు. ఇంజన్‌కు కూడా ఊపిరాడాలని వదులు వదిలాను.

"ఏమైతది, అన్నిట్ల రెండు వేళ్లు తీసెయ్" అన్నాడు ఖాదర్.

"తీస్తే ఎట్ల భాయ్? బక్కోనికి రెండు వేళ్లు వదుల్త, బొజ్జోనికి నాలుగు. నీ ఇంజన్ ముంగట లావుంది. యాడ ఎన్ని వదిలిన్నో నాకే ఎరుక లేదు."

"తాటిపత్రి వదులుంటెనే మంచిది. నీ మొకం ఎందుకు గట్ల వాడింది?"

దానికి నా దగ్గర అబద్ధం లేదు. ఉన్నది చెప్పేశాను. బావ, పొయ్యి, బీడీలు, ఓడ, సందూక, అన్నీ. తన్ని తరుముతాడనుకున్నాను. ఆయన తరమలేదు. "నేను సుత ఆరేండ్లు బొగ్గింజన్ నడిపిన. ఆయన నిలవడే తావు నాకెరుకే" అని టేపు రెండో కొస పట్టుకున్నాడు. "ఇగ పట్టు. వేళ్లు తియ్. అరే, తియ్ అంటున్న!"

పలక తుడిచి మళ్లీ మొదలుపెట్టాం. ఆయన చదివాడు, నేను గీశాను. నేను మరిచిపోయినవి కూడా ఆయనే కొలిపించాడు. నేల నుంచి మెట్టు, మెట్టు నుంచి డ్రైవర్ నిలబడే అరుగు, అరుగు నుంచి చేతి పిడి. "బొగ్గేసినోడు ముందుగాల గివే తడుముతడు" అన్నాడు. ఒంటిగంట దాటింది. కూలీలు కేకలేస్తున్నారు. "మియా, ఇంజన్‌కు అంగి కుట్టుడు అయ్యిందా? చెరుకు ఎండుతుంది!" "ఆగుండ్రి, బొత్తాలు మిగిలినయ్" అని అరిచి, చివరి కొలత చెప్పి ఎక్కాడు. పదిహేను నిమిషాలు ఆలస్యంగా కదిలింది బండి. నాలుగింటి బస్సుకు నేను తిరుగుముఖం పట్టాను. దారి పొడుగునా పలకను బిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాను, తడి చేయి తగిలితే అంతా పోతుంది.

అడుగుకు ఇంచు చొప్పున లెక్క వేసి, మూడు వారాలు పట్టి కొత్త బొమ్మ చేశాను. ముందు జాలీకి చాయ్ వడగట్టే జల్లెడ కత్తిరించాను. అక్క ఇంకా తిడుతోంది. ఆదివారం సాయంత్రం బావ చేతులు పొగాకు పోయేలా కడిగించి, అడుగుకు ఇంచు లెక్క అని మాత్రం చెప్పి బొమ్మను ఒళ్లో పెట్టాను. నోరు మూసుకుని కూర్చున్నాను. నా జన్మలో అంతసేపు మూసుకున్నది అదే.

ఆయన ముందు చక్రాల మధ్య బొటనవేలు పెట్టాడు. "రెండడుగుల లైను" అన్నాడు. మెట్టు, అరుగు, పిడి తడిమాడు. "ఇప్పుడు నిలవడొచ్చు." తర్వాత ఆయన వేళ్లు లోపల దేనికోసమో వెతకసాగాయి. ముందు గోడ తడిమాడు, పక్కలు తడిమాడు, బొమ్మను తిరగేసి అడుగున తడిమాడు.

"పొయ్యి తలుపు యాడ పెట్టినవ్‌రా?"

"లేదు బావా."

"నువ్వు చెప్పకు. నన్ను చూడనియ్." మళ్లీ మొదటి నుంచి చూశాడు, అంగుళం వదలకుండా. అక్క బీడీలు చుట్టడం ఆపేసింది. చాలాసేపటికి బావ చేతులు ఆగాయి.

"లేదురా" అన్నాడు. "గా డ్రైవర్, ఖాదరు అంటివి గదా. ఆయన మొకం మంచిగుందా?" అని అడిగాడు.

"మంచిగుంది బావా. నూనె మరకలు తప్పితే ఏం లేదు."

బావ తల ఊపాడు. బొమ్మను ఇవ్వలేదు. ఆకుల చాట పక్కకు జరిపి, ఒళ్లోనే ఉంచుకున్నాడు.

నేను మారిపోయానని చెప్పను. మొన్ననే పక్క దుకాణం సేఠుకు రెండు కుడి చేతులున్న అంగీ కుట్టి ఇచ్చాను. కానీ ఊళ్లో ఏది కొత్తగా వచ్చినా ఇప్పుడు బావే నన్ను పిలిచి అడుగుతున్నాడు. చెప్పే ముందు నేనే వెళ్లి ఒకసారి చేత్తో తాకి వస్తున్నాను. అబద్ధం ఆడటం కన్నా ఇది ఎక్కువ పని, ఎక్కువ బస్సు కిరాయి కూడా. అయినా ఆ మనిషి రెండు చేతులూ చాపి "ఏది, తే" అంటుంటే కలిగే ఉషారు ముందు ఓడలూ గీడలూ దేనికీ పనికిరావు.

మీరూ ఆ ఇంజన్ కొలతలు తీయాలనుకుంటే నాలాగా సోమవారం పోయి హైరానా పడకండి, శుక్రవారం పోండి. ఆ రోజు ఖాదర్ మియా నమాజుకు రుద్రూర్ వెళ్లి వస్తాడు, బండి రెండు గంటలు కదలదు. కాకపోతే ఆయన వెళ్లకముందే అడిగి ఒప్పించుకోండి.