నమూనా ఇంటి ఇల్లాలు

భర్త పోయిన ఎనిమిదో నెలలో మరిది వచ్చి, "వదినా, పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు. మాకు చోటు చాలట్లేదు" అన్నాడు. పంతొమ్మిదేళ్ళు ఆమె ఊడ్చి తుడిచిన ఇల్లది. పెళ్ళినాడు పెద్దవాళ్ళంతా "పిల్లని ఓ ఇంటిదాన్ని చేశాం" అని ఊపిరి పీల్చుకున్నారే గానీ, ఆ ఇల్లు ఎవరి పేరున ఉందో ఒక్కరూ అడగలేదు. ఆమెకు పిల్లల్లేరు. పుట్టింటివాళ్ళని చెప్పుకోవడానికి మిగిలింది అక్క ఒక్కతే. పెట్టె సర్దుకుని అక్క ఇంటికి చేరింది.

అక్క పిల్లలు ఆమెను పిన్నీ అని పిలిచేవారు. పాలవాడూ పక్కింటివాళ్ళూ అదే అందుకున్నారు. కొన్నాళ్ళకి అదే పేరయి కూర్చుంది.

పిన్నికి హాల్లో చోటిచ్చారు. టీవీ కట్టేశాక చాప పరుచుకోవాలి, అందరికన్నా ముందు లేచి చుట్టెయ్యాలి. బావ చెడ్డవాడు కాదు, పల్లెత్తు మాట అనేవాడు కాదు. కాకపోతే హాల్లోకి వచ్చే ముందు గుమ్మం అవతల నిలబడి ఒకసారి దగ్గేవాడు. మర్యాదకే. ఆ దగ్గు వినపడగానే ఆమె కూర్చున్నచోటు నుంచి దిగ్గున లేచేది. అక్క చూసి, "ఎందుకే అలా లేస్తావు, ఇది నీ ఇల్లే కదా" అనేది. తన ఇల్లు తనదేనని అక్కకి ఎవరూ ఎప్పుడూ చెప్పక్కర్లేకపోయిందని పిన్నికి తట్టేది.

రెండేళ్ళు గడిచాక బావే ఒక పని చూశాడు. ఆయన కరెంటు పనులు చూసే చోట పన్నెండంతస్తుల అపార్ట్‌మెంట్ లేస్తోంది. కొనడానికి వచ్చేవాళ్ళకి చూపించడం కోసం రెండో అంతస్తులో ఒక్క ఫ్లాటు ముందుగా పూర్తిచేసి, సామానంతా అమర్చి పెట్టారు. దాన్ని నమూనా ఇల్లంటారు. దుమ్ము దులుపుతూ అక్కడే ఉండే మనిషి కావాలి. "వంటింటి వెనక చిన్న గది కూడా ఇస్తారట" అన్నాడు బావ, గోడ వైపు చూస్తూ.

ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు పిన్ని నోరెళ్ళబెట్టింది. సోఫా, పరుపు మంచం, అద్దాల బీరువా, బల్ల మీద యాపిల్ పళ్ళు. నాలుగు రోజుల్లో సంగతంతా తెలిసిపోయింది. పళ్ళు ప్లాస్టిక్‌వి. టీవీ అట్టముక్క. కుళాయి తిప్పితే గాలి కూడా రాదు. బాత్రూము చూడ్డానికే, అవసరమైతే కిందకి దిగి కూలీల దొడ్లోకి పోవాలి. సిమెంటు దుమ్ము లోపలికి రాకుండా కిటికీలన్నీ స్క్రూలు బిగించేశారు. గదుల మధ్య తలుపులు లేనేలేవు. అడిగితే సేల్స్ మేనేజరు, "తలుపులుంటే ఇల్లు చిన్నగా కనబడుతుంది పిన్నీ" అన్నాడు. ఆయనకీ ఆమె పిన్నే.

ఎవరు ఎప్పుడొస్తారో తెలియదు కాబట్టి ఆదివారం కూడా కదలడానికి లేదు. మేనేజరు భోజనానికి వెళుతూ, కూలీలు లోపలికొచ్చి కునుకు తీస్తారని బయట తాళం వేసుకుపోయేవాడు. పిన్ని లోపలే. బయట డ్రిల్లింగు మోత, లోపల పొగమంచులాంటి నిశ్శబ్దం. కిటికీ అద్దంలోంచి చూస్తే క్రేను కదిలేది. ఊరు కనబడేది. ఊరి చప్పుడు మాత్రం వినబడేది కాదు.

ఒకరోజు ఒకావిడ ఇల్లు చూడ్డానికొచ్చి, సోఫా పక్కన నిలబడ్డ ఆమెను, "మీరిక్కడే ఉంటారా అండీ?" అని అడిగింది. పిన్ని నోరు విప్పేలోపే మేనేజరు, "అవునండీ, ముందే చేరిపోయారు, చాలా హ్యాపీ" అనేశాడు. ఆవిడ ఆ వారమే ఫ్లాటు బుక్ చేసింది.

ఆ తర్వాత మేనేజరు పిన్నికి రెండు మంచి చీరలు తెచ్చిచ్చాడు. సోఫాలో కూర్చుని, అడిగినవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడాలన్నాడు. మొదట్లో ఆమె నాలుక తడబడేది. పోనుపోను తడబాటు పోయింది. "మా ఇంట్లో లైటే వెయ్యక్కర్లేదండీ, పొద్దున్నే ఎండ ఇక్కడిదాకా వస్తుంది" అనేది. నిజం చెప్పాలంటే, ఆ 'మా ఇల్లు' అన్న మాట ఆమెకు తియ్యగానే ఉండేది. జనం వెళ్ళిపోయాక మాత్రం చీర విప్పి మడతపెట్టి, సోఫా మీద తను కూర్చున్న గుంట చెయ్యి పెట్టి సరిచేసి, వెనక గదిలోకి పోయేది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఒళ్ళు కాలిపోతూ జ్వరం వచ్చింది. బయట తాళం. పిలిచినా పలికే దిక్కులేదు. తూలుకుంటూ పోయి, అంతవరకూ కూర్చోనైనా కూర్చోని ఆ పరుపు మంచం మీద వాలింది. కాళ్ళు చాపితే పాదాలు బయటికొచ్చాయి. జ్వరంలో భ్రమేమో అనుకుని పైకి జరిగింది. తల చెక్కకి తగిలింది, పాదాలు గాల్లోనే ఉన్నాయి. ఆమె పొడుగు మనిషేం కాదు, అక్క ఇంట్లో అందరికన్నా పొట్టి. లేచి జానలతో మంచం కొలిచింది. సోఫా కొలిచింది. భోజనాల బల్ల, బీరువా అన్నీ కొలిచింది. ఏదీ మనుషుల కొలతకు చేసింది కాదు.

మేనేజరు రాగానే అడిగింది. "మంచం పొట్టిగా చేయించారేంటి బాబూ?"

ఆయన నవ్వాడు. "మంచం పొట్టిది కాదు పిన్నీ, గది పెద్దది."

పని మానేసి పిన్ని ఎక్కడికి పోతుంది? మర్నాడు మళ్ళీ చీర కట్టుకుని సోఫాలో కూర్చుంది. కానీ "మా ఇల్లు" అన్నప్పుడల్లా చూపు పడకగది మంచం మీదికి పోయేది.

నెల తిరిగేసరికి ఒక బస్సు డ్రైవరు తల్లినీ భార్యనీ వెంటబెట్టుకుని వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. ముసలామె సోఫాలో పిన్ని పక్కన కూలబడి మోకాళ్ళు రుద్దుకుంటూ, "తొమ్మిది అద్దిళ్ళు మారామమ్మా" అంది. "మారినప్పుడల్లా నా మంచం ఒకటి తిప్పలు. గుమ్మంలో పట్టదు, మెట్లు ఎక్కదు. ఈ ఇంట్లోనే పోతానంటే నా కొడుకు తిడతాడు గానీ, నాకు కావాల్సింది అదే. నీకిక్కడ బాగుందా? వాళ్ళ మాట నమ్మను. నువ్వు చెప్పు."

మేనేజరు పిన్ని వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. పిన్ని నోట అలవాటైన మాట సిద్ధంగానే ఉంది. కానీ ఆమె లేచి పడకగదిలోకి నడిచింది. ఏమైందోనని అందరూ వెనకే వచ్చారు. పిన్ని ఆ మంచి చీరతోనే మంచం ఎక్కి, వెల్లకిలా పడుకుని కాళ్ళు చాపింది.

"పిన్నీ, ఏంటిది, లే!" అన్నాడు మేనేజరు.

ఆమె లేవలేదు. డ్రైవరు బయటికి వేలాడుతున్న ఆమె పాదాలని చూశాడు. తర్వాత గది నాలుగు మూలలూ చూశాడు. భార్య చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ఈ గోడ నుంచి ఆ గోడకి అడుగులు వేసి లెక్కపెట్టింది. "మన మంచం వేస్తే తలుపు తెరుచుకోదండీ" అంది. "తలుపే లేదు కదే" అన్నాడు డ్రైవరు, అప్పుడే గమనించినట్టు. ముసలామె వంగి పిన్ని పాదాల మీద చీర అంచు సర్ది, కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

సాయంత్రానికి పిన్ని పెట్టె బయటపడింది. మేనేజరు కేకలేమీ వెయ్యలేదు. "ఒక్క మాట అబద్ధం చెప్పావా అక్కడ? లేదు. అందుకే నా కోపం" అన్నాడంతే.

మళ్ళీ అక్క ఇల్లు, మళ్ళీ హాలు. ఈసారి బావ దగ్గడం మానేశాడు, మాట్లాడడమూ మానేశాడు. తనిప్పించిన పనిలో తన మాట పోయిందని ఆయన బాధ. పిన్ని ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పనిలో చేరి, గది కోసం వీధి వీధీ తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న. "మీ ఇంటాయన ఏం చేస్తాడమ్మా?" లేడంటే గది అప్పటికప్పుడే వేరేవాళ్ళకి మాటిచ్చేసినదయ్యేది. ఇల్లు లేనిదే బతకలేం, ఇంటాయన లేనిదే ఇల్లు దొరకదు. ఈ చక్రంలో ఏడు నెలలు తిరిగింది.

చివరికి ఒక ప్రింటింగ్ ప్రెస్సు మీద గది దొరికింది. ప్రెస్సు యజమానురాలికి చెవుడు. అడగాల్సినవి అడిగినా జవాబు వినపడదని అడగడం మానేసిన మనిషి. పొద్దున ఎనిమిది నుంచి మిషన్లు ఆడుతుంటే గది నేల వణికేది, గిన్నెలు గట్టు మీద వాటంతట అవే జరిగేవి. కిటికీ తీస్తే రెండడుగుల దూరంలో పక్కింటి గోడ. వానొస్తే ఒక మూల కారేది.

చేరిన రెండో వారం అక్క చూడ్డానికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి ముక్కు మీద వేలేసుకుంది. "ఇదీ ఒక ఇల్లేనా? బావకి చెప్పి తీసుకెళ్ళిపోతాను పద."

"కూర్చో ముందు" అంది పిన్ని.

అక్క మంచం మీద కూర్చుంది. బయట వాన పట్టుకుంది. కింద మిషను ఆడుతోంది, మంచం సన్నగా వణుకుతోంది. అక్క మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళయింది, కదల్లేదు. బావ వచ్చే వేళయింది, అయినా కదల్లేదు.

"ఆలస్యమవట్లేదూ?" అంది పిన్ని.

అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. "పాతికేళ్ళయిందే. ఆ ఇంట్లో వంటింటి గట్టు తప్ప నాదంటూ కాసేపు ఒరిగే చోటు లేదు. ఒక్క గంట. ఎవరైనా వస్తే నేను లేనని చెప్పు."

పిన్ని తలుపు దగ్గరగా వేసి, కారుతున్న మూల కింద గిన్నె జరిపి పెట్టింది.