అప్ప ఒప్పుకోని వాక్యం

చోడవరంలో పళ్ళ డాక్టరుగా బతకడమంటే రోజంతా జనం నోళ్ళలోకి చూస్తూ ఎవరితోనూ నాలుగు మాటలు ఆడకుండా ఉండటం. నోరు తెరిచి కూర్చున్న మనిషి ఏం మాట్లాడగలడు? నేనే ఏదో ఒకటి అంటాను, వాళ్ళు ఊఁ కొడతారు. పన్ను పీకాక దూది కరిచిపట్టుకుని వెళ్ళిపోతారు. సాయంత్రం షట్టరు దించి మేడెక్కితే ఇంట్లో నేనూ, ఫ్రిజ్జూ. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోనందుకు బాధ లేదు గానీ, కూర మాడితే "ఏంటా వాసన" అని అడిగే మనిషి లేడే అని మాత్రం ఉంటుంది.

ఒకప్పుడు నేను నగరంలో డెంటల్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. స్టాఫ్ రూములో టీ తాగుతూ కొట్లాడుకునేవాళ్ళం, ఒకరి టిఫిన్ డబ్బా ఒకరు ఖాళీ చేసేవాళ్ళం. నా నోటి దురుసు వల్ల పైవాళ్ళతో మాటా మాటా వచ్చింది. రాజీనామా రాసి బల్ల మీద పడేసి వచ్చేశాను. బతిమాలతారనుకున్నాను. ఎవరూ బతిమాలలేదు. అద్దె తక్కువని చోడవరంలో క్లినిక్ పెట్టాను.

ఏళ్ళు గడిచాక, అప్పట్లో నాతో పనిచేసిన ఒకావిడ ఫోన్ చేసింది. ఆవిడే ఇప్పుడు మా పాత విభాగానికి హెడ్డు. "ఒక పోస్టు ఖాళీ అవుతోంది, వచ్చేయండి మేడమ్. కాకపోతే మొదటి రచయితగా మీ పేరు మీద ఒక పరిశోధన వ్యాసం ఏదైనా హెల్త్ జర్నల్లో వచ్చి ఉండాలి, అది రూలు. ఈ విద్యా సంవత్సరం అయ్యేలోగా చూసుకోండి" అంది. ఫోన్ పెట్టేసి కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను. వ్యాసం అచ్చయితే మళ్ళీ మనుషుల్లో పడతాను. కాకపోతే ఈ షట్టరు, ఈ మేడ మెట్లు, అంతే. ఇంత సూటిగా ఉంది లెక్క.

రాయడానికి విషయం వెతుక్కోనక్కర్లేదు. మా వైపు ఆడవాళ్ళు కొందరు చుట్టను తిరగేసి కాలుస్తారు. నిప్పున్న కొస నోట్లో, మామూలు కొస బయట. అడ్డపొగ అంటారు. గాలికి ఆరిపోదు, చంకలో పిల్ల మీద నుసి రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. కానీ ఆ వేడికి అంగిలి తెల్లగా గట్టిపడుతుంది, మధ్యలో ఎర్రెర్రటి చుక్కలు లేస్తాయి, కొందరికి అది పుండై క్యాన్సరులోకి దిగుతుంది. పళ్ళ కోసం వచ్చిన అలాంటి ఆడవాళ్ళ అంగిళ్ళను వాళ్ళనడిగి ఫోటోలు తీసి, వివరాలు రాసి పెట్టుకున్నాను. చిక్కల్లా, దీని మీద ఇప్పటికే బోలెడు మంది బోలెడు రాశారు. సంపాదకులు మొదట అడిగేదేమో ఇందులో కొత్త ఏముందని.

నాకు కొత్త సంగతి దొరికింది. నా దగ్గరికొచ్చిన వాళ్ళలో చాలామంది ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. మొగుడు పోయినవాళ్ళు, పిల్లలు పనులకి వలస పోయినవాళ్ళు. అంటే ఒంటరితనమే ఈ అలవాటును పట్టి ఉంచుతోందన్నమాట, చుట్టే వాళ్ళకు తోడన్నమాట! వ్యాసం చివర వచ్చే చర్చా భాగంలో ఇదంతా ఒక్క ఊపున రాశాను. రాస్తుంటే కళ్ళు చెమర్చాయి. సైన్సు వ్యాసం రాస్తూ ఏడ్చే డాక్టరును మీరెప్పుడూ చూసి ఉండరు. నేనూ చూడలేదు, అప్పుడే చూశాను.

రాయడం ఒక ఎత్తు, పంపడం ఒక ఎత్తు. అక్షరం సైజు ఇంత, అంచులింత, వరుసల మధ్య ఖాళీ ఇంత. ఫోటోలు మరీ పెద్దవైతే జర్నల్ వెబ్‌సైటు తీసుకోదు, చిన్నవైతే బాగోలేదంటుంది. అన్నీ సరిచేసుకుని నొక్కేసరికి ఆ వెబ్‌సైటు మళ్ళీ లాగిన్ అవమంటుంది. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆపైన రచయితల పాత్ర అని ఒక పట్టిక. ఆలోచన ఎవరిది, సమాచారం సేకరించిందెవరు, రాసిందెవరు, చదివి సరిదిద్దిందెవరు? ప్రతి గడిలోనూ నా పొడి అక్షరాలే వేసుకుంటూ వచ్చాను. చదివి సరిదిద్దిందెవరు అన్న గడి దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. నిజంగానే చదివినవాళ్ళు ఎవరూ లేరు. అక్కడా నాదే వేశాను.

ఇక మిగిలింది ఒక్కటే. ఎవరి ఫోటో వేస్తున్నామో, వాళ్ళ గురించి ఏం రాశామో వాళ్ళ భాషలో వాళ్ళకు వివరించి ఒప్పుకోలు తీసుకోవాలి. అందరికంటే స్పష్టంగా వచ్చిన ఫోటో అప్పది. మిగతా వాళ్ళవి అయిపోయాయి. ఏం రాశానని వాళ్ళెవరూ అడగలేదు, నేనూ పైపైన చెప్పేసి వేలిముద్ర వేయించుకున్నాను. అప్పతో అలా కుదరదు.

అప్ప అంటే మా వైపు అక్క. ఆమెకు నాకంటే బాగా ఎక్కువ వయసే. రావికమతం దగ్గర పల్లె, చెరకు తోటల్లో కూలికి వెళ్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు "కూర్చో మామ్మా" అన్నాను. "మామ్మేటి, నానేటి అంత ముసిల్దాన్నా? అప్పా అను" అని కసిరింది. అప్పట్నుంచీ అప్పే. ఆమె అంగిలి ముక్క పరీక్షకు పంపితే క్యాన్సరు లేదని వచ్చింది. చుట్ట మానెయ్ అప్పా అంటే "మానేత్తాను, మానేత్తాను" అంటుంది. అనే ఆ నోరే గుప్పున చుట్టకంపు కొడుతుంది.

ఒక మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళ షేర్ ఆటో దిగి వచ్చింది. పన్ను పని లేకపోయినా పేషెంటు కుర్చీలోనే కూర్చుంటుంది, ఆ వాలు కుర్చీ ఆమెకిష్టం. లాప్‌టాప్‌లో ఫోటో పెద్దది చేసి చూపించాను.

"ఓలమ్మ! ఇది నా అంగుడే?" అని వంగి చూసింది. "మరి మొగం ఎయ్యవేటి?"

"వెయ్యకూడదప్పా. పేరు కూడా ఉండదు."

"మరి నాదని ఎవులికి తెలుస్తాది?"

"ఎవరికీ తెలియకూడదనే."

"అదేటి, మనమేటి దొంగతనం సేసేమా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని వాక్యం వాక్యం తెలుగులో చెబుతూ వచ్చాను. వ్యవసాయ కూలీ అంటే తల ఊపింది. పెళ్ళయిన నాటి నుంచీ అలవాటుందంటే "ఆఁ, మాయత్త నేర్పింది" అంది. అంగిలి ఎలా ఉందో వర్ణిస్తే తనకేదో బహుమతి ఇస్తున్నట్టు విన్నది.

"ఈమె ఒంటరిగా జీవిస్తోంది. తోడు లేకపోవడం వల్ల ఈ అలవాటు మానలేకపోతోంది" అని చదివాను.

వాలి ఉన్న అప్ప కుర్చీలో లేచి కూర్చుంది. "ఎవులు సెప్పేరు?"

"నువ్వే కదా, ఇంట్లో ఒక్కదాన్నే ఉంటానన్నావు."

"ఇంట్లో ఒక్కదాన్నే తొంగుంటానన్నాను. ఒంటిదాన్నని అన్నానేటి? నానేటి దిక్కులేనిదాన్నా?" గొంతు పెరిగింది. "తోటలోకి ఎల్తే పదిమందిమి ఉంటాం. బువ్వ తిన్నాక గట్టు మీద కూకుని, ఒకలు ఎలిగిస్తే ఆ అగ్గితోనే అందరం ఎలిగిస్తాం. ఊసులన్నీ అప్పుడే. ఇంటికాడ నాకు సుట్ట గేపకమే రాదు."

"సరేలే అప్పా, ఇది ఊరికే రాసే పద్ధతి..."

"పద్దతేటి? ఒంటిగా ఉన్నది నువ్వు గాదేటి డాట్రమ్మా? నీ గోల అట్టుకొచ్చి నా నెత్తికి సుట్టేవు."

ఒళ్ళు మండిపోయింది నాకు. నిజం చెప్పొద్దూ, అక్షరం ముక్క రాని మనిషి వచ్చి నా చర్చా భాగం కొట్టెయ్యమనడమేంటి అనుకున్నాను. "ఇష్టం లేకపోతే వేలిముద్ర వెయ్యకు, బలవంతమేం లేదు" అన్నాను, కాస్త కటువుగానే. ఆమె కూడా తగ్గలేదు. "అది తీసెయ్. తీసేత్తే ఏలిముద్ర ఏత్తాను" అని చెంగు దులుపుకుని ఆటో కోసం వెళ్ళిపోయింది.

కాలేజీలో ఉన్న ఆవిడకు ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నాను. ఆవిడ నవ్వేసింది. "అంత ఆలోచిస్తారేంటి మేడమ్! ఆ ఫోటో తీసేసి వేరేవాళ్ళది పెట్టండి. జర్నల్ వాళ్ళు రావికమతం వచ్చి అడుగుతారా?" అంది. నిజమే, ఎవరూ వచ్చి అడగరు. ఒప్పుకోలు ఇచ్చినవాళ్ళ ఫోటోలు నా దగ్గరున్నాయి. మార్చి పంపేస్తే పోయె.

మారుద్దామనే కూర్చున్నాను. కానీ అప్ప మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. నేను రాసుకున్న వివరాలన్నీ మళ్ళీ తీశాను. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎన్నేళ్ళ నుంచి కాలుస్తున్నారు, రోజుకి ఎన్ని, అన్నీ అడిగాను. ఎవరితో కలిసి కాలుస్తారు అని ఒక్కరినీ అడగలేదు. నాకా ప్రశ్న తోచలేదు. నేను ఏ పనైనా ఒక్కదాన్నే చేస్తాను, తోచడమెలా?

ఆ తర్వాత మళ్ళీ వైద్యానికి వచ్చిన వాళ్ళనూ, ఫోన్ నంబరు ఇచ్చిన వాళ్ళనూ ఒక్కొక్కరినే అడిగాను. తోడికోడళ్ళతో అందొకామె. నాట్లకెళ్ళినప్పుడు గుంపుతో అందింకొకామె. బుచ్చయ్యపేట వైపు నుంచి వచ్చే ఒకావిడయితే నా ప్రశ్నకే నవ్వింది. "ఒక్కదాన్నే కాలిస్తే ఏటి బాగుంటాదమ్మా?" అంది. ఇంత జరిగినా, నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఇంకో రెండు రోజులు పంతం పట్టాను. తర్వాత పంతం పట్టే ఓపిక కూడా పోయింది.

ఒక ఆదివారం ఆ చర్చా భాగం ఆఖరిసారి చదువుకున్నాను. వ్యాసం మొత్తంలో బాగున్నది అదొక్కటే. ఎందుకు బాగుండదు? రాసిన ప్రతి వాక్యమూ నా గురించే. పొద్దు వాలాక ఇల్లు ఎలా మీద పడుతుందో, మాట్లాడే తోడు లేక చేతికేదో ఒక పని ఎలా కావాలనిపిస్తుందో, అదంతా ఆ ఆడవాళ్ళెవరూ నాకు చెప్పలేదు. చుట్ట ముట్టని నేను, చుట్ట కాల్చేవాళ్ళ పేరు పెట్టి నా బతుకు రాసుకున్నాను. సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువ భయమేసింది, ఇంత ఒంటరిగా ఉన్నానా అని. మొత్తం సెలెక్ట్ చేసి తుడిచేశాను. తీరా చూస్తే మిగిలింది అందరికీ తెలిసిన సంగతే. కొండను తవ్వి ఎలుకను పట్టానన్నమాట.

అప్ప వచ్చినప్పుడు, ఇది అచ్చయితే నాకు నగరంలో ఉద్యోగమొస్తుందని చెప్పి, మళ్ళీ చదివి వినిపించాను. ఆ వాక్యం ఉండాల్సిన చోటుకి రాగానే చెయ్యెత్తి నన్ను ఆపింది. "తీసేసేవా?" అంది. తీసేశానన్నాను. "మళ్ళీ సదువు" అంది. చదివాను. "ఆఁ, ఇప్పుడు బాగున్నాది" అని వేలిముద్ర వేసి, ఆ సిరా నా తెల్లకోటుకే తుడిచింది. వ్యాసం పంపాను.

జవాబు తొందరగానే వచ్చింది. ఫోటోలు చాలా బాగున్నాయట, రాసిన తీరు కూడా బాగుందట, అయితే ఇందులో ఇదివరకు తెలియని విషయమేదీ లేదట. మర్యాదగా రాశారు, తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా. వేరే జర్నల్‌కు పంపితే వాళ్ళు చూసి చెప్పేసరికి గడువు దాటిపోతుంది. కాలేజీ ఆవిడ ఫోన్ చేసి ఆ పోస్టు ఇంకొకరికి ఇచ్చేశారని చెప్పింది. చాలా బాధపడింది పాపం. నేనే ఆవిణ్ణి ఓదార్చాల్సి వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు క్లినిక్‌లో పనిచేసే కంపౌండరుతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. అతనితోనైనా గ్లవ్స్ అయిపోయాయి, దూది అయిపోయింది, అంతే.

మళ్ళీ అప్ప వచ్చింది, దవడ పట్టుకుని. ఈసారి నిజంగానే పన్ను నొప్పి. వస్తూనే "నా నోరు అచ్చయ్యిందేటి?" అని అడిగింది.

"లేదప్పా."

"ఏటి, బొమ్మ బాగోలేదంటనా?"

"బొమ్మ బాగుందట. కొత్త సంగతేమీ లేదట."

"నా నోట్లో కొత్తవేటుంటాయి, ఉన్నవే ఊడిపోతంటే" అని గొణిగింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. "మరి నీ ఉజ్జోగం?"

"ఇంకొకరికి ఇచ్చేశారు."

"అయితే నువ్వెల్లిపోవా?"

"ఎక్కడికి పోతాను? ఇక్కడే ఉంటాను."

అప్ప ముఖం విప్పారింది. నొప్పి దవడ వదిలేసి మరీ నవ్వింది. "పోన్లే, మంచిదయ్యింది. ఎల్లిపోతావేమో అని బెంగెట్టుకున్నాను" అంది.

నేను ఈ ఊళ్ళో ఉండిపోతున్నానని విని సంతోషించిన మనిషి ఆమె ఒక్కతే. నేనూ సంతోషపడదామని గట్టిగా ప్రయత్నించాను. పెదాలు నవ్వుకి సిద్ధమయ్యాయి గానీ ఏడుపొచ్చింది. ట్రేలో పరికరాలు సర్దుతున్నట్టు అటు తిరిగినా ఆగలేదు. భుజాలు కదలడం ఆమె చూసేసింది.

"ఇదేటమ్మా!" అంది అప్ప కంగారుగా. "పన్ను నాది గదా నొప్పెడతన్నాది, నువ్వేడుస్తావేటి?"