ఒక జత పొడి బట్టలు

పోయిన వారం మా ఆఫీసుకు వరసగా నాలుగు రోజులు కొరియర్ పెట్టెలు వచ్చాయి. కొత్తగా డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో చేరిన అమ్మాయి వాటిని హాల్లో పరుచుకుని కూర్చుంది. వర్షాల్లో కొండల మీద లొకేషన్లు చూడ్డానికి, మా వాళ్ల మాటలో రెక్కీకి, మొదటిసారి వెళ్తోంది. నీళ్లు చొరబడని కోటు, బూట్లు, చంకలో ఇమిడే టెంటు, తలకు కట్టుకునే లైటు, అన్నీ కొత్త వాసన వేస్తున్నాయి. "అక్కా, ఇంకేమైనా ఆర్డర్ పెట్టాలా?" అని అడిగింది. చెప్పాల్సింది చాలా ఉందనిపించింది గాని, అందులో ఆర్డర్ పెట్టగలిగింది ఒక్కటీ లేదు. నేను మామూలుగానే మాటలు తక్కువ మనిషిని. రేపు చెప్తానని తప్పించుకుని ఇంటికి వచ్చి పాత డైరీలు తీశాను.

ఎనిమిదేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు ఇరవై మూడు. భీమవరం దగ్గర్నుంచి వచ్చి, ఫిల్మ్ నగర్‌లో ఒక డైరెక్టర్ గారి ఆఫీసులో స్క్రిప్టు టైపు చేసే పనిలో చేరాను. ఆ పని దొరకడమే గొప్ప అనుకున్నాను గాని, కిటికీ అవతల షూటింగ్ వ్యాన్లు వెళ్తుంటే నా మనసు వాటి వెనకే పోయేది. డైరెక్షన్‌లో పని చేయాలని ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎనిమిది నెలల పాటు ఆ మాట డైరీలో మాత్రమే రాసుకున్నాను. మనలో చాలామంది ఆడపిల్లలు అలాగే ఉండేవాళ్లం కదా, అడగాల్సిన చోట తప్ప మిగతా అన్ని చోట్లా అడిగేవాళ్లం.

రహమత్ నగర్‌లో ఒక ఇంటి మేడ మీద గదిలో ఉండేదాన్ని. కింద ఇంటావిడ సినిమాల్లో కాస్ట్యూమ్స్ డిపార్ట్‌మెంట్‌లో పని చేసేది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పిల్లా అనేది. ఇరవై ఏళ్లుగా వాన పాటలు, వాన ఫైట్లు ఎక్కడ తీసినా ఆమెను పిలిచేవాళ్లు. ఏ బట్ట తడిస్తే ఒంటికి అతుక్కుంటుందో, ఏది రంగు దిగుతుందో, ఏది మనిషి ఒంట్లో వేడిని లాగేస్తుందో చేత్తో తడిమి చెప్పేది. జనవరి చలిలో ట్యాంకర్ నీళ్ల కింద గంటల తరబడి నాట్యం చేసే అమ్మాయిలను షాటుకీ షాటుకీ మధ్య బతికించి నిలబెట్టడం ఆమె పని. తెర మీద వాళ్ల నవ్వు మనకు కనిపిస్తుంది, తువ్వాలు పట్టుకుని కెమెరా వెనక నిలబడ్డ ఆమె కనిపించదు.

ఆ శ్రావణ మాసంలో మా డైరెక్టర్ గారు విశాఖ వైపు ఏజెన్సీ కొండల్లో మూడు రోజుల రెక్కీ పెట్టుకున్నారు. రోడ్డు లేని చోట్లు, నడిచి ఎక్కి టెంట్లలో పడుకోవాలి. వెంట వెళ్లాల్సిన అసిస్టెంటుకు డెంగ్యూ వచ్చింది. నోట్సు బాగా రాస్తుందని నన్ను రమ్మన్నారు. కో-డైరెక్టర్ గారు నేను వింటుండగానే, "ఈ అమ్మాయా సార్! చెప్పులు తడిస్తే ఆఫీసు మెట్ల మీదే ఆగిపోతుంది" అన్నారు. డైరెక్టర్ గారు నవ్వి, సరే చూద్దాం, మూడు రోజులు నిలబడితే డైరెక్షన్‌లోకి, లేకపోతే మళ్లీ టైపు చేసే కుర్చీలోకి, అన్నారు. ఆయన తేలిగ్గానే అన్నారు. నేను మాత్రం ఆ సాయంత్రమే సంచీ సర్దడం మొదలుపెట్టాను.

అక్క నా ముఖం చూసి సంగతి రాబట్టింది. తనకు దొరికిన ఒక్క ఆదివారాన్ని నాకిచ్చేసింది. సర్దుకున్న సంచీ భుజాన వేసుకుని, వేసుకెళ్లబోయే బట్టలు వేసుకుని మేడ మీదికి రమ్మంది. అప్పటికే వాన మొదలైంది. వాన చాలదన్నట్టు ఆమె తొట్టిలోంచి చెంబుతో నీళ్లు తీసి నా నెత్తిన పోసింది. వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో అది పద్ధతట, తడిపి చూడని బట్ట సెట్టుకు పోదు. అలా తడిసిన నన్ను ఫిల్మ్ నగర్ ఎత్తు దాకా నడిపించి, వెనక్కి తెచ్చి, గుమ్మంలో నిలబెట్టి సంచీ విప్పింది.

"ఏందే పిల్లా గిది? జీన్స్ ప్యాంటా? తడిస్తే నువ్వు నడుస్తవా, దాన్నే మోసుకుంట పోతవా?" అంది. ఆ తర్వాత సంచీలోంచి ఒక్కొక్కటే తీసి నేల మీద పరిచింది. నూలు బనియన్లు నీళ్లు పీల్చి ముద్దయ్యాయి. మడత పెట్టిన బట్టలు, అగ్గిపెట్టె, అన్నీ తడి. అడుగున దాచుకున్న డైరీలో సిరా అంతా కారి, నేను ఎవరికీ చెప్పని మాటలు నీలం మరకలై కూర్చున్నాయి. నాకు ఏడుపొచ్చింది. అక్క డైరీ చదవలేదు, పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి ఆరబెట్టింది. "మంచిగైంది. గీడ తడిసింది, గాడ తడవదు. పెన్సిలు పట్టుకపో" అంది.

ఇక సర్దడం మొదలైంది. జీన్స్ బదులు డాన్సర్లు రిహార్సల్‌కు వేసుకునే పలచటి సింథటిక్ ప్యాంటు ఇచ్చింది, దులిపితే సగం నీళ్లు పోతాయని. సంచీ లోపల పెద్ద ప్లాస్టిక్ సంచీ, అందులో మళ్లీ ఒక్కో వస్తువుకూ ఒక్కో కవరు, గాలి తీసేసి ముడి. మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బాలో అగ్గిపెట్టె, కర్పూరం బిళ్ళలు, ఎందుకంటే తడి కట్టె కూడా కర్పూరం మాట వింటుందట. పాదాలకు రాసుకోవడానికి కొబ్బరినూనె. సాయంత్రం బూట్లలో కుక్కడానికి పాత పేపర్లు. పల్లీ పట్టీలు, బెల్లం గడ్డ. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక జత పొడి బట్టలు. అందులో ఒక ఉన్ని స్వెట్టరు ఉంది, ఏదో సినిమాలో లావుపాటి హాస్యనటుడి కోసం కొన్నది, గులాబి రంగు మీద ఆకుపచ్చ చిలకలు. నేను మొహం చిట్లించాను. "చలికి అందం ఎర్కలేదు" అని నోరు మూయించింది.

ఆ జతకు ఒక షరతు పెట్టింది. టెంటులో పడుకునేప్పుడు తప్ప వేసుకోకూడదు. పొద్దున్నే దాన్ని విప్పి కవర్లో పెట్టి, ముందు రోజు తడి బట్టలే మళ్లీ వేసుకోవాలి. నేను ఒప్పుకోలేదు. తడి బట్టలు ఎలా వేసుకుంటామక్కా అన్నాను. వాన సీను ఇవాళ సగం తీసి రేపు మిగతా సగం తీస్తే, రేపు పొద్దున హీరోయిన్‌కు పొడి చీర కడతారా, అని అడిగింది. నిజమే, తడిపి మరీ కడతారు, లేకపోతే నిన్నటి షాటుకూ ఇవాళ్టి షాటుకూ పొంతన, అదే కంటిన్యుటీ, పోతుంది. "గంతే. తడి సీను తడితోనే మొదలుపెట్టాలె. ఇగొకటి ఇను. వణికెటోని గురించి ఫికర్ చెయ్యకు. వణుకుడు ఆగి, మాట ముద్దగొచ్చెటోన్ని చూడు. గా మనిషే ఆగమైతడు." ఒక చలికాలం సెట్లో ఒక డాన్సర్ అమ్మాయి అలాగే పడిపోయిందని, అప్పటి నుంచి తను వణుకులనే లెక్కపెట్టుకుంటూ పని చేస్తుందని చెప్పింది.

కొండల్లో మొదటి రోజంతా వాన. డైరెక్టర్ గారు, కో-డైరెక్టర్ గారు, దారి చూపించడానికి వచ్చిన ఆ ఊరి తాత, నేను. ఊపిరాడక నాలుగు చోట్ల కూర్చున్నాను గాని వెనక్కి పోదామనలేదు. రాత్రి పొడి జతలో వెచ్చగా పడుకున్నాను. తెల్లారి లేచి ఆ తడి ప్యాంటులో కాలు పెట్టినప్పుడు పళ్లు టకటకలాడాయి, అక్కను మనసులో తిట్టుకున్నాను కూడా. డైరెక్టర్లిద్దరూ శుభ్రంగా పొడి బట్టలు మార్చుకుని బయటికి వచ్చారు. నన్ను చూసి కో-డైరెక్టర్ గారు, "ఏమ్మా, వేరే బట్టలు తెచ్చుకోలేదా? పోనీ మా చొక్కా ఒకటి ఇమ్మంటావా?" అన్నారు. నేను సంచీ భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాను. పది నిమిషాలు నడిచేసరికి నా బట్టలు ఒంటి వేడికి గోరువెచ్చనయ్యాయి. అరగంటలో మళ్లీ వాన పట్టుకుంది. వాళ్లకున్న ఒకే ఒక్క పొడి జత అక్కడితో సరి.

ఆ సాయంత్రం ఒక లోయ అంచున టెంట్లు వేశాం. డైరెక్టర్ గారికి అప్పటికే అరవై దగ్గర పడుతోంది. దారంతా చలికి వణుకుతూనే కబుర్లు చెప్పిన మనిషి ఒక బండ మీద కూర్చుని మౌనంగా అయిపోయారు. అలసిపోయారని కో-డైరెక్టర్ గారు అనుకున్నారు. తాత కట్టెలు ఏరుకొచ్చాడు, అవి అంటుకోవడం లేదు, వాళ్ల దగ్గరున్న అగ్గిపెట్టె నానిపోయింది. నేను నోట్సు చూపించడానికి దగ్గరికి వెళ్లాను. ఆయన చేతులు వణకడం లేదు. చొక్కా గుండీ పెట్టుకోబోతున్నారు, వేళ్లకు అందడం లేదు. చలిగా ఉందా సార్ అంటే, లేదమ్మా బాగానే ఉంది, అన్నారు. ఆ మాట ముద్దముద్దగా వచ్చింది.

బట్టలు మార్చుకోండి సార్ అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. కో-డైరెక్టర్ గారు తల కూడా తిప్పకుండా, "సార్‌ని విసిగించకమ్మా, కాసేపు వదిలెయ్" అన్నారు. ఒక్క క్షణం నేను ఎప్పటిలాగే వెనక్కి జరగబోయాను. వెనక్కి జరిగితే ఆయనకేమవుతుందో తెలిసిన మనిషి అక్కడ నేనొక్కదాన్నే. అప్పుడు నా నోట్లోంచి నాది కాని గొంతు వచ్చింది.

"ఇప్పుండ్రి సార్! ముందుగాల గా తడి బట్టలు ఇప్పుండ్రి! జల్ది!"

భీమవరం పిల్లనైన నేను అక్క యాసలో అరిచాను. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. కో-డైరెక్టర్ గారి చేతిలో నా పొడి జత పెట్టి, డైరెక్టర్ గారిని టెంటులోకి తీసుకెళ్లి ఒళ్లు తుడిచి స్వెట్టరు, మేజోళ్లు తొడిగి దుప్పటి చుట్టమన్నాను. కో-డైరెక్టర్ గారు అలాగే చేశారు. నేను నా స్టీలు డబ్బా విప్పి కర్పూరం వెలిగించాను. తాత సన్నటి పుల్లలు పేర్చాడు, మంట లేచింది. బెల్లం కరిగించి వేడి నీళ్లు చేసి గుక్క గుక్కగా తాగించాం. చాలాసేపటికి ఆయన మళ్లీ గజగజా వణకడం మొదలుపెట్టారు. ఆ వణుకు చూసి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నా సంగతా, దులిపితే ఆరే ఆ డాన్సర్ ప్యాంటు మంట పక్కన గంటలో ఆరిపోయింది, మిగిలిన ప్లాస్టిక్ సంచీ కప్పుకుని కూర్చున్నాను. తాత తన గొంగళి సగం నా మీద వేశాడు.

తెల్లారి ఆకుపచ్చ చిలకల స్వెట్టరులో డైరెక్టర్ గారు టెంటులోంచి తల బయట పెట్టి, "ఏమ్మా, ఇవాళ మేమూ తడి బట్టలే వేసుకోవాలా?" అని అడిగారు. "అవును సార్, కంటిన్యుటీ" అన్నాను. కో-డైరెక్టర్ గారు మొదటిసారి నన్ను చూసి నవ్వారు. డైరెక్టర్ గారిని మాత్రం ఆ స్వెట్టరు విప్పనివ్వకుండా, మూడో రోజు పని మానుకుని కొండ దిగాం. హైదరాబాద్ వచ్చిన మర్నాడు ఆఫీసులో నా టైపు కుర్చీలో కూర్చోబోతుంటే, అది నీ కుర్చీ కాదు, అన్నారు డైరెక్టర్ గారు.

ఆ సాయంత్రం పరిగెత్తుకుంటూ అక్క దగ్గరికి వెళ్లాను. కుర్చీ సంగతి చెప్పాను, ఆమె సంతోషించి నా బుగ్గ గిల్లింది. డైరెక్టర్ గారి గురించి ఏదో అడుగుతుందనుకున్నాను. ఆమె అడిగింది వేరే.

"అయితే పిల్లా, గాడ వాన ఎట్లుంటది? మన ట్యాంకర్ నీళ్ల లెక్కనే సల్లగుంటదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇరవై ఏళ్లు కొండ వానలో తడిసే కథానాయికలకు బట్టలు తొడిగిన ఆ మనిషి ఒక్కసారి కూడా కొండ మీద వాన చూడలేదు. ఆమెకు తెలిసిందంతా ఫిల్మ్ నగర్ సెట్లలో పైపుల్లోంచి పడే నీళ్ల కింద నేర్చుకున్నదే. నన్ను మూడు రోజులు నిలబెట్టిన విద్య, ఒక పెద్దమనిషి ప్రాణం కాపాడిన విద్య, ఆమెకు ట్యాంకర్ కింద వచ్చింది. గుమ్మంలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. వాన ముందుగా వాసనగా వస్తుందని, తర్వాత అవతలి కొండ మాయమవుతుందని, ఆకుల మీద పడ్డ చినుకు మన మీద పడేసరికి లావవుతుందని, ట్యాంకర్ నీళ్లకన్నా మెత్తగా, కానీ చాలా ఓపికగా తడుపుతుందని. అంతసేపు నేను ఎవరితోనూ మాట్లాడి ఎరగను. ఒకసారి తీసుకెళ్తానక్కా అన్నాను. "పోదాం తియ్" అంది.

పోలేదు. పోదామనుకున్న ప్రతి వానాకాలమూ ఆమెకో నాకో షూటింగ్ ఉండేది, ఆ తర్వాత ఆమె మోకాళ్లు ఒప్పుకోలేదు. ఇప్పుడు వాన సగం కంప్యూటర్‌లో వేస్తున్నారు, మిగతా సగానికి వేడినీళ్ల ట్యాంకులు, హీటర్లు వచ్చాయి. మంచిదే, ఏ ఆడపిల్లా జనవరిలో వణకనక్కర్లేదు. కానీ బట్టను తడిమి మనిషి చలిని చెప్పగల ఆ చేతిని ఇప్పుడు ఎవరూ పిలవడం లేదు. ఆమె కూతురి దగ్గర సిద్దిపేటలో ఉంటోంది.

కొత్తమ్మాయిని ఈ ఆదివారం మా మేడ మీదికి రమ్మన్నాను, కొరియర్లో వచ్చినవన్నీ వేసుకుని. నాకు తెలిసింది తెలిసినట్టు చెప్తాను. ఇప్పటికీ ఏ రెక్కీలో కొండ దిగినా, ఫోనుకు సిగ్నల్ రాగానే మొదట అక్కకే చేస్తాను. ఒకప్పుడు ఆమె మాట్లాడితే నేను వినేదాన్ని. ఇప్పుడు నేను కొండ మీద వాన గురించి చెప్తుంటే అవతల చప్పుడు లేకుండా వింటుంది, లైను పోయిందేమోనని నేను ఆగితే, "ఆగకు పిల్లా, చెప్పు, ఇంకా పడుతున్నదా?" అంటుంది.